అమ్మ ఫోన్‌లో పరీక్షించాను

ఆదోనిలో మా నాన్న పత్తి కొనేటప్పుడు బోరెంలో, అదే పెద్ద గోనెసంచిలో, చేయి పెట్టి తడిమి గానీ ధర చెప్పడు. నాదీ అదే బుద్ధి. తెలుగు చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి నడుపుతున్నాను. ఎవరైనా బాగుచేసి పంపిన కోడ్ నా చేయి దాటాలంటే తల ప్రాణం తోకకు రావాల్సిందే. లోపం చెబుతూ పెట్టిన టికెట్‌కు ముప్పై రోజులు జవాబు లేకపోతే అది దానంతటదే మూతపడుతుంది. ఆ నియమం పెట్టింది నేనే. అదంటే గర్వం కూడా.

ఎమ్మిగనూరు నుంచి కృప అనే అమ్మాయి టికెట్ పెట్టింది. పాత ఫోన్లలో పెద్ద మెసేజ్ సగం చదివి ఆగిపోతోందట. సరిచేసిన కోడ్ కూడా తనే పంపింది. ఎక్కడ పరీక్షించావని అడిగితే "మా అమ్మ ఫోన్‌లో" అని రాసింది. నాకు నవ్వొచ్చింది. అమ్మ ఫోన్ లెక్కలోకి రాదు, పద్ధతిగా పరీక్షలు రాసి పంపమన్నాను. జవాబు లేదు. ముప్పయ్యో రోజు టికెట్ మూతపడింది. పీడా పోయిందనుకున్నాను.

వారం తర్వాత దాని కింద ఒక్క వాక్యం కనబడింది. "ఇంక అవసరం లేదక్కా, మా అమ్మ పోయింది."

ఆమె ఖాతాలో ఉన్న చిరునామా పట్టుకుని మరుసటి పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఇంటికెళ్లి పలకరిస్తే కృప పెదవి విప్పలేదు. ఫోన్‌లో టైప్ చేసింది. నా సాఫ్ట్‌వేరే బదులు చెప్పింది.

"నాకు పుట్టినప్పట్నుంచీ మాట రాదక్కా. అమ్మతో సైగలు చేస్తాంటి. షుగరొచ్చి ఆయమ్మకు కండ్లు పోయినాయి. ఆ తర్వాత ఇదే నా గొంతు."

"మరి జవాబు రాయలేదేమమ్మా?"

"కర్నూలు ఆసుపత్రిలో ఉంటిమి. ఆడ అమ్మ ఫోన్ ఎవురో ఎత్తుకపోయినారు. ఇంకో పాతది తెచ్చి నీ సాఫ్ట్‌వేర్ ఏసినా. నా మార్పు దాంట్లో లేదు కదా, ఎక్కిద్దామంటే నా కంప్యూటర్ ఇంటికాడుండె. నన్ను ఐసీయూ లోపలికి పోనీలేదు. మెసేజ్ పంపితే నర్సమ్మ అమ్మ చెవికాడ పెట్టింది. సగంలో ఆగిపాయె. నేను ఇడిసిపెట్టి పోయినాననుకునింది అమ్మ. 'కృపా, యాడికి పోతివే' అని అడుగుతానే పోయిందంట."

ఆ రెండో ఫోన్ తెమ్మన్నాను.

కృప కంప్యూటర్‌లోంచే ఆమె కోడ్‌ను ఆ ఫోన్‌లోకి ఎక్కించి, ఆ మెసేజ్ తెరిచాను. డాక్టరు చెప్పిన సంగతులన్నీ ఫోన్ చదివింది. ఆగలేదు. చివరి వాక్యం నేనూ విన్నాను. "నేను యాడికీ పోలేదుమా, తలుపు బయటే ఉండా."

వాళ్లమ్మ పేరు అడిగి, అక్కడే కూర్చుని కృప కోడ్‌ను ఆమోదించాను. ఎక్కడ పరీక్షించారు అన్న చోట "ముత్తమ్మ ఫోన్‌లో" అని రాశాను.