ఒంటిచేతి కీబోర్డు

నేను ఒక కీబోర్డును. నాకేదో మహిమ ఉందని ఒక మనిషి నమ్మింది. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది. వినండి.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నాకే తెలియదు, వీపున అంటించిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది. బుద్ధి తెలిసేసరికి చీరాలలో కోటిలింగం పెళ్లికార్డుల ప్రెస్సులో ఉన్నాను. ఆయన ప్రతి దసరాకూ నా స్పేస్ బార్ మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. పక్కనున్న కటింగ్ మిషన్‌కూ పెట్టేవాడు. అది సువార్త ఎడమచెయ్యిని మణికట్టు దాకా తినేసిన ఏడాది కూడా దానికి బొట్టు తప్పలేదు. పైగా దండ! మనుషులంటే మనుషులే మరి.

సువార్త ఆ మిషన్ దగ్గర కార్డులు సర్దేది. మొగుడు వదిలేస్తే అన్న పంచన చేరింది. వదిన ఆమెకు వసారాలో ఇంత చాప పడేసి ఇంటెడు చాకిరీ చేయించుకునేది. చెయ్యి పోయి ఆసుపత్రి నుంచి వచ్చాక కోటిలింగం ఆమెను నా ముందు కూర్చోబెట్టాడు. "ఇంకో చెయ్యి ఉందిగా తల్లీ, టైపు కొట్టుకో" అన్నాడు. జాలి అనుకునేరు! కేసు పెడుతుందేమోనని భయం.

ఆ ప్రెస్సులో తెలుగు కొట్టాలంటే, వత్తుల కోసం ఒక చేత్తో షిఫ్ట్ కీ అదిమిపట్టి రెండో చేత్తో అక్షరం నొక్కాలి. ఆమెకు రెండో చెయ్యేదీ? మొండిచేతిని షిఫ్ట్ మీద ఆనించేది. పచ్చిపుండు, జారిపోయేది. మళ్లీ ఆనించేది. నా మీద నెత్తురు చుక్కలు పడేవి, పమిటతో తుడిచేది. ఒక మధ్యాహ్నం అలా టకటకా జారుతుంటే కంప్యూటర్ కీచుమంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చింది. అది చదవడం రాక, హడలిపోయి ఎంటర్ కొట్టింది. అంతే! ఆ తర్వాత షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, దాని వెనక నొక్కిన అక్షరానికి వత్తు దానంతటదే పడుతోంది.

"అయ్యగారో! ఈ కీబోర్డు నాకోసం షిఫ్ట్ పట్టుకుంటంది!" అని భోరున ఏడ్చింది.

నా మొహం, నేనేం పట్టుకోలేదు. ఆ సౌకర్యం ఉన్నది కంప్యూటర్‌లో. చేతులు సరిగా లేనివాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ములు పెట్టారు. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే మేలుకుంటుంది. ఆ సంగతి కోటిలింగానికి తెలియదు. రిపేరుకొచ్చే మెకానిక్కయితే ఆ కీచుశబ్దం వైరస్సేనని ఒట్టు పెట్టి చెప్పేవాడు. పేరు మాత్రం నాకొచ్చింది. ఒకరి చేతి కీబోర్డు ఇంకొకరికి అచ్చిరాదని సువార్త నన్నెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మంచిరోజులే నడిచాయి. వదిన వసారా వదిలి సువార్త ఒక గది అద్దెకు తీసుకుంది. కోటిలింగం పోయాక కొడుకులు ప్రెస్సును తూకానికి అమ్మేశారు. సౌకర్యం మేలుకుని ఉన్న కంప్యూటర్ కూడా పాత సామాన్ల బండిలోనే పోయింది. "ఈ ఒక్కటీ ఇప్పించండయ్యా, ఎక్కడైనా బతుకుతా" అని సువార్త నన్ను అడిగి తీసుకుంది. వాళ్లు నవ్వి ఇచ్చారు.

బస్టాండు దగ్గర రంగబాబు కొట్టులో టైపు చెయ్యడానికి మనిషి కావాలంటే, నన్ను తువ్వాల్లో చుట్టుకుని వెళ్లింది. అక్కడా పని దొరక్కపోతే గది ఖాళీ చేసి మళ్లీ వదిన గడప తొక్కాల్సిందే. "నా కీబోర్డు తెచ్చుకున్నానండీ, దీనిమీదైతే ఎంత పనైనా లాగించేస్తా" అంది. అతను నన్ను తన కంప్యూటర్‌కు తగిలించి, ఒక పెళ్లికార్డు కొట్టి చూపించమన్నాడు.

షిఫ్ట్ నొక్కి వదిలింది. అక్షరం నొక్కింది. వత్తు పడలేదు. మళ్లీ కొట్టింది, పడలేదు. కొత్తవాళ్ల ముందు సిగ్గుపడి మొండిచేతిని పమిట కింద దాచుకుంది. తియ్యవే తల్లీ, ఆ చెయ్యి బయటికి తియ్యి! వెనకటిలాగా నా మీద జారనియ్యి, అదే మేలుకుంటుంది! నాకు నోరుంటే ఆ కొట్టు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. ఆమె పమిటను ఇంకాస్త బిగించుకుంది.

"ఏందమ్మా ఇది? ఒక్క వత్తు పడలేదు" అన్నాడు రంగబాబు.

"కొత్త చోటు కదండీ, బెదిరినట్టుంది. రేపటికి సర్దుకుంటదండీ."

"బెదరటానికి అదేమన్నా గొడ్డా? పోయిరామ్మా, ఇంకోళ్లని చూసుకుంటాం."

కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె నన్ను మళ్లీ తువ్వాల్లో చుట్టుకుంది.

నెల తిరక్కుండా వదిన వసారాకు వచ్చిపడ్డాం. నన్ను చాప పక్కన గోడకు ఆనించింది. పొద్దున్నే పాత సామాన్లవాడు కేకేస్తే, వదిన నావైపు వేలు చూపించింది. "ఆ పనికిమాలినదాన్ని వాడి మొహాన కొట్టరాదా?"

సువార్త అంట్ల దగ్గర నుంచి తలెత్తింది.

"దాన్నేం అనబాక వదినా. పాపం, నాకోసం అదైనా ఎన్నాళ్లని పట్టుకుంటది?"