ఎండబెట్టిన సెల్లులు

సెల్లులు ఎండబెడితే మల్లా పనిచేస్తాయని మాకు ఎవురు చెప్పినారో తెలీదు గానీ, కంబదూరు పక్కన ఏ మిద్దె ఎక్కి చూసినా మిరపకాయల పక్కన నాలుగు టార్చిలైటు సెల్లులు ఎండుతా ఉంటాయి. నేనూ ఎండబెట్టినా. నేను రేడియో మెకానిక్కును. బస్టాండు దగ్గర నాకు చిన్న రిపేరు బంకు ఉండాది, దాని మీద ఆంజినప్ప అని పేరు కూడా రాయించుకున్నా. ఊరోళ్లు తప్పు చేస్తే చేసినారులే అనుకోవచ్చు. మెకానిక్కు చేస్తే ఏమనాల?

ఎనబై అయిదో సంవత్సరం. వరసగా మూడేండ్లు వాన మొగం చాటేసింది. ఆ ఎండల్లోనే మా అక్క తిమ్మక్కకు గొంతులో గడ్డ లేసింది. బెంగుళూరు పెద్దాసుపత్రికి తోడుకోని పోతే, గొంతు కోసి లోపలిదంతా తీసేయాల, లేకుంటే మనిషి దక్కదు అన్నారు. తీసేస్తే మనిషి దక్కుతాది, మాట దక్కదు. వారం గడువిచ్చి పంపించినారు.

మా అమ్మ పోయినాక నన్ను సాకింది తిమ్మక్కనే. ఆమె మాటంటే ఊరికే మాట కాదప్పా. ఇత్తనానికి శెనక్కాయలు వొలిచేటప్పుడు ఆమె పాడాల్సిందే. ఆ పని ఎట్లాంటిదో చేసినోళ్లకే తెలుసు. రెండు దినాలకే బొటనవేలు పుండవుతాది. అక్క పాడితే పదిమంది ఆడోళ్లు ఆ నొప్పి మర్చిపోయి మూటలకు మూటలు వొలిచేస్తారు. ఆ పాటకు ఒక పద్ధతి ఉండాది. చాట ముందర కూసున్న ప్రతి మనిషి పేరూ పాటలో రావాల. ఒక్క పేరు మరిస్తే ఆ యమ్మ చాట పక్కన పెట్టి లేసి పోతాది. వొలవని వాళ్ల పేరు మాత్రం ఎంత పెద్దోళ్లయినా రాదు, కాయలు ఎవురివో ఆ ఇంటాయన పేరు కూడా రాదు. చిన్నప్పుడు నా పేరూ పాడమని అలిగినా. "నువ్వు వొలిచేది పిడికెడు, మింగేది చాటెడు. నీకేం పేరురా?" అని ఎగతాళి చేసింది.

పాట టేపులో పట్టి పెడతానంటే అక్క మొదట నవ్వింది. మల్లా "పట్టురా" అనింది. "మూగదాన్ని అయినాక ఓబమ్మోళ్లు నన్ను వొలిచేదానికి పిలుస్తారో లేదో. పాట ఉంటే దాని పక్కన నాకూ ఒక చాట ఏస్తారు." అంతే ఆమె అడిగింది, చాట ముందర ఆమె చోటు. అది కూడా నా చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం ఓబమ్మ ఇంటి పంచలో ఆడోళ్లంతా కూసున్నారు. కరెంటు లేదు, ఎప్పుడుండి చచ్చింది గనక! నా టేపు రికార్డరుకు ఆరు సెల్లులు కావాల. బంకులో కొత్తవి అయిపోయినాయి. కల్యాణదుర్గం పోతే దొరుకుతాయి, ఆ ఎండలో బస్సెక్కేదానికి బద్ధకమేసింది. మిద్దె మీద పొద్దున్నించి కాగుతాండే ఆరు సెల్లులు తీసి ఏసినా. మీట నొక్కితే టేపు గిర్రున తిరిగింది. ఇంగేం కావాల అనుకున్నా.

అక్క అరగంట పాడింది. నేను పాట వినలేదు. పిల్లోళ్లు అరవకుండా చూసేది, కోడిని అదిలించేది, అదే సరిపోయింది. ఆఖర్లో ఒక మేక వచ్చి శెనక్కాయల మూటలో మూతి పెట్టింది. దాన్ని తరుముకుంటా నేను బయటికి పోతే ఆడోళ్లంతా పకపకా నవ్వినారు. మేక వెనక పరిగెత్తే నన్ను చూసి నవ్వినారులే అనుకున్నా.

ఆపరేషను అయింది. అక్క ఇంకా ఆసుపత్రిలో ఉండంగానే ఒక దినం బంకులో కరెంటు మీద ఆ టేపు ఏసినా. మొదట ఓబమ్మ పేరు బాగానే వచ్చింది. అంజనమ్మ పేరు కాడికి వచ్చేసరికి గొంతు చంటిపిల్లది అయింది. బయమ్మ కాడ ఇంగ మనిషి గొంతే కాదు, ఎలకల కిచకిచ. ఆఖర్లో ఒక్క మాట అర్థమైతే ఒట్టు. మిషను విప్పినా, తుడిచినా, బెల్టు మార్చినా. వేరే టేపు ఏస్తే శుభ్రంగా పాడుతాది. అప్పుడు తెలిసింది నా తెలివి. ఎండ వేడికి సెల్లులు కొంచేపు లేసినాయి, పోను పోను నీరసించినాయి. టేపు మెల్లగా తిరిగి పట్టిన పాట ఇప్పుడు కరెంటు మీద ఉరుకుతాండాది. మల్లా పట్టుకుందామంటే ఆ గొంతు యాడుండాది? తల బాదుకున్నా. నా మొగాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

అక్క మెడకు గుడ్డ చుట్టుకోని వచ్చింది. చెయ్యి గుండ్రంగా తిప్పి టేపు యాడ అని అడిగేది. "కరెంటు లేదక్కా" అంటాంటి. మరుసటి దినం, "బెల్టు తెగిందక్కా." ఇరవై దినాలు అట్లనే బొంకినా. అబద్ధం చెప్పేది కూడా అలుపేనప్పా.

జూన్ వచ్చింది. మబ్బుల్లేకున్నా ఇత్తనం వొలవక తప్పదు గదా. ఓబమ్మ పిలవనంపింది. అక్క నాతో మిషను మోయించుకోని, తానే చాట తీసుకోని పోయి కూసుని, నా చెయ్యి పట్టుకోని మిషను చూపించింది. ఇంగేం చేసేది, కరెంటు కూడా ఆ పొద్దే ఉండాల! ఏసినా. కిచకిచ మొదలయ్యేసరికి పిల్లోళ్లు పొర్లి పొర్లి నవ్వినారు. ఓబమ్మ కూడా ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునింది. అక్క ఎవురి దిక్కూ చూడలేదు. చాట పక్కన పెట్టి లేసి పోయింది.

ఆ రెండు దినాలు నేను బంకు తెరవలేదు. మూడో దినం మిరపకాయలు తీద్దామని మిద్దె ఎక్కితే, పిట్టగోడ పక్కన డబ్బాలో నేను అప్పుడు తీసి పడేసిన ఆ ఆరు సెల్లులూ ఉండాయి. పారేద్దామని తీసినా. చేతిలో పట్టుకోని ఆలోచన చేసినా. ఇవి ఎట్ల నీరసిస్తా పోయినాయో అట్లనే పాట పట్టింది. ఇవే ఏస్తే, అట్లనే నీరసిస్తే, పాట కూడా అట్లనే దిగొస్తాదేమో! మల్లా ఎండలో వరసగా పరిచి, మధ్యాన్నం దాకా వాటి పక్కనే కూసున్నా.

అక్క ఇంట్లో ఒక్కతే ఉండాది, తన ఇత్తనం తానే వొలుచుకుంటా. నన్ను చూసి తల తిప్పుకునింది. నేను సెల్లులేసి మీట నొక్కినా.

ఓబమ్మ పేరు వచ్చింది. అంజనమ్మ పేరు కాడ గొంతు కొంచెం మొగోడి గొంతు మాదిరి లావైంది, మల్లా దారికొచ్చింది. బయమ్మ పేరు వచ్చేసరికి, అది మా అక్కే. అక్క చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆఖరుకొచ్చింది. మేక అరుపు, నా కేకలు, వాటి మీద ఆమె పాట:

"ఎండిన సెల్లులు ఏసినాడు మా ఆంజినప్ప
మేకల్ని తోలుతాడు మా ఆంజినప్ప
పొద్దున్నించి తిననే లేదు మా ఆంజినప్ప
వొలిచిన గింజ నీదేలేరా, తిని పోరా..."

ఆడోళ్ల నవ్వు మొదలైంది. ఆ నవ్వు సాగి సాగి, మిషను నిలిచిపోయింది. నేను ఎండబెట్టిన సంగతి ఆమెకు ఆ పొద్దే తెలుసు. తెలిసీ తిట్టకుండా నా పేరు పాడింది. నాకు ఏడుపాగలేదు, ఆమె ముందరే చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినా.

ఆ సెల్లులు మల్లా ఎన్నిసార్లు ఎండబెట్టినా లేయలేదు. వేరే పాత సెల్లులు ఎన్నో ఏసి చూసినా, ఆ గొంతు మల్లా కుదరలేదు.

ఆ మధ్యాన్నం మాత్రం అక్క చాటలోంచి పిడికెడు గింజలు తీసి నా చేతిలో పోసింది. ఇత్తనం గింజ తినగూడదక్కా అన్నా. ఆమె నా పిడికిలి పట్టుకోని నోటి కాడికి తోసింది. తిన్నా. నేను నమిలి మింగిందాకా నా నోటి దిక్కే చూస్తా కూసునింది.