నల్ల అంచు పూలు

సిమెంటు శిలువ మీద పేరు రాయడం పూర్తిచేసి, బాలశౌరి ఒక్కో అక్షరం చుట్టూ నల్లరంగుతో అంచు గీశాడు. రెంటచింతలలో ఫ్లెక్సీలొచ్చి కొట్ల బోర్డులు పోయాక అతనికి మిగిలిన పని సమాధుల మీద పేర్లే. నల్ల అంచు లేనిదే అక్షరం నిలబడదని అతని నమ్మకం. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది.

పని అయ్యాక సమాధుల దొడ్డి కంచె ముందు కూర్చున్నాడు. నాగజెముడు విరగబూసింది. ఊళ్ళో మిగతా కంచెలన్నీ జేసీబీలు పెకలించేశాయి. ఇక్కడి పూలు కోసుకెళ్దామంటే, సమాధుల దొడ్లో పువ్వు ఇంటికి తేకూడదు. చిన్నప్పుడు ఆ కంచెల పక్కన మేకలు కాసిన అతని భార్య జోజమ్మ ఏడాదిగా మంచం దిగలేదు. ఆ పూల బొమ్మయినా వేసి చూపించమని అడిగింది. నీళ్ళరంగుల పెట్టె పెళ్ళైన కొత్తలోనే కొనిచ్చింది. "ఈ బోర్డు కానియ్యవే" అంటూనే ఇన్నేళ్ళూ గడిపేశాడు పెద్దమనిషి.

పగుళ్ళిచ్చిన రంగుబిళ్ళలు నీళ్ళు తగలగానే మెత్తబడ్డాయి. పసుపు రేకులు బాగానే వచ్చాయి. తడి ఆరకముందే, అలవాటు కొద్దీ చెయ్యి నల్లరంగు తీసి అంచు గీసేసింది. నలుపు రేకుల్లోకి పాకి పూలన్నీ మసిబారాయి.

మధ్యాహ్నం జోజమ్మకు గంజి తాగించడానికి ఇంటికెళ్ళాడు.

"ఏశావా? ఏదీ, చూపిచ్చు."

"చెడిపోయిందే. చానా అసయ్యంగా ఉంది."

"ఎట్టుంటే ఏందయ్యా? నువ్వేసిందేగా."

"ఊరుకోవే. మంచిది ఏసుకొస్తా."

కాగితాన్ని నలిపి మంచం పక్కన పడేసి, మళ్ళీ ఎండలో పడ్డాడు.

కుంచె కాగితం చేరేలోపే తడి ఆరిపోతోంది. ఈసారి నల్లబిళ్ళ జోలికి పోకుండా చేతిని అదుపులో పెట్టుకున్నాడు. అంచు లేకుండానే పూలు నిలబడ్డాయి. ఈపాటి పని ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదా అని తనమీద తనకే కోపమొచ్చింది. బొమ్మను రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచాడు.

"ఏమే, ఇదిగో చూడు," అన్నాడు గడపలోంచే.

జోజమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఊపిరి లేదు. అయినా మంచం మీదుగా వంగి బొమ్మను ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. మధ్యాహ్నమే చూపిస్తే ఏం పోయేది? నచ్చిందో లేదో ఆ ముఖంలో కనబడేది కదా.

ఒళ్ళు సరిచేద్దామని ఆమె చెయ్యి కదిపాడు. ఆ చేతి కింద, మడతలన్నీ అరచేత్తో సాపుచేసి, నల్ల అంచు పూల కాగితం పరిచి ఉంది.