రాయిస్ పెట్టిన ఐదు తూటాలు

లొరెట్టా స్టాంపర్ మూడో తుపాకి ఖాళీ చేసేసరికి ఇంకా తొమ్మిది కాలేదు.

చలికాలానికని దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పే నవంబర్ ఆదివారం వెళ్ళిన మర్నాడు కట్లర్ బెండ్ తుపాకుల దుకాణంలో ప్రతి ఏడూ ఇదే రద్దీ. ఒంటిమీద తుపాకి పెట్టుకు తిరిగేవాళ్ళంతా పాత తూటాలు తీయించి కొత్తవి వేయించుకునే రోజు. ఊరికి ఆ అలవాటు చేసింది ఆమే. చెప్పుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ కౌంటర్ వెనకకు వచ్చి పదిహేడేళ్ళయింది. ఇప్పుడు అరవై మూడు. పొట్టి మనిషి, కత్తిరించిన బూడిదరంగు జుట్టు, ఉబ్బిన వేళ్ళ కణుపులు, ఇత్తడి రుద్ది రుద్ది నల్లబడ్డ బొటనవేలి గోరు. ఏప్రన్ కింద, కుడి తుంటి మీద, ఐదు తూటాలు పట్టే చిన్న రివాల్వర్.

ఎనభై ఏళ్ళ వర్జిల్ ప్రూయిట్ తన ఓవరాల్స్ జేబులోంచి తుపాకి తీసి గాజు మీద పెట్టాడు. దానితోపాటు పిప్పరమెంట్ బిళ్ళ ఒకటి అంటుకుని వచ్చింది.

"ఇవి తూటాలా, బిళ్ళలా?" అంది లొరెట్టా, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడిని వెలుగులో తిప్పుతూ.

"రెండూ ఉంటాయమ్మాయ్. వచ్చినవాణ్ణి బట్టి ఇస్తా."

"ఏడాదికోసారి మార్చండి. చెమట తగిలేచోట పెట్టుకుంటే ఆర్నెల్లకే. తడిసినా, నూనె పట్టినా ఆ రోజే. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"నేను చొక్కానే అంత తొందరగా మార్చను."

"తెలుస్తోంది. కాస్త దూరంగా నిలబడండి."

ముసలాయన బోసినోటితో నవ్వాడు. "మరి నీవి ఎప్పుడు మార్చావే?"

"నిన్ననే."

అబద్ధం. ఆరేళ్ళుగా ప్రతి నవంబర్లోనూ ఆమె ఆడుతున్న అబద్ధం. ఆమె రివాల్వర్లో ఉన్న ఐదు తూటాలూ ఆరేళ్ళ కిందటి నవంబర్లో మొగుడు రాయిస్ తన చేత్తో పెట్టినవి. తర్వాతి మార్చిలో ఆయన పోయాడు. అప్పటినుంచి ఆమె తుపాకి పైపైన తుడుస్తుంది, తుప్పు చూస్తుంది, అంతే. తూటాలుండే చక్రం తెరవలేదు. ఊరికి తొమ్మిది మైళ్ళ అవతల ఒంటరి ఇంట్లో, ఆ ఐదింటి ధైర్యం మీదే నిద్రపోతోంది.

పదకొండింటికి షెల్బీ రకర్ వచ్చింది. పొలాల్లో మంచం పట్టిన రోగుల ఇళ్ళకు కారేసుకు తిరిగే నర్సు. ముప్పై దాటలేదు. యూనిఫాం మీద పాత కోటు, నిద్రలేని కళ్ళు.

"వాణ్ణి ఇవాళ మధ్యాహ్నం జైల్లోంచి వదిలేస్తున్నారు వెర్రెత్తిపోతోంది నాకు" అంది ఒక్క ఊపిరిలో.

వాడంటే ఆమె మాజీ మొగుడు. తలుపు బద్దలుకొట్టి ఆమె కుడి మణికట్టు విరిచినవాడు. ఆ రోజు ఆమె చేతిలో ఉన్న తుపాకి సాక్ష్యం కింద ఇంకా షెరిఫ్ బీరువాలోనే ఉంది. లొరెట్టా మూడు కొత్త పిస్తోళ్ళు వరసగా చూపించింది. తూటా లోపలికి ఎక్కాలంటే పిస్తోలు పైభాగం వెనక్కి లాగాలి; విరిగి అతికిన మణికట్టుతో షెల్బీ ఒక్కదాన్నీ లాగలేకపోయింది. రివాల్వర్ అయితే లాగక్కర్లేదు. కానీ చిన్న రివాల్వర్లు అయిపోయాయి. మళ్ళీ గురువారమే సరుకు.

"గురువారం దాకా బతికుంటే వస్తాలెండి" అంది షెల్బీ. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

లొరెట్టా చెయ్యి దానంతటదే ఏప్రన్ కిందికి పోయింది. రివాల్వర్ తీసి గాజు మీద పెట్టింది. "గురువారం దాకా నాది ఉంచుకో తల్లీ."

షెల్బీ అందుకుంది. చేతికి సరిగ్గా సరిపోయింది. "తూటాలు మంచివేనా లొరెట్టా గారూ? నమ్మొచ్చా?"

నిన్ననే మార్చాను అన్న మాట లొరెట్టా నాలుక చివరిదాకా వచ్చింది. వర్జిల్‌కు చెప్పినంత తేలిగ్గా ఈ పిల్లకు చెప్పలేకపోయింది. ఈ పిల్ల దాన్ని నిజంగా పేల్చాల్సి రావచ్చు.

"వెనక్కి రా. పేల్చి చూద్దాం."

దుకాణం వెనక మట్టిగట్టు. గాలి చల్లగా కోస్తోంది. ఇద్దరూ చెవులకు చప్పుడాపే కప్పులు పెట్టుకున్నారు. లొరెట్టా గట్టుకు గురిచూసి ట్రిగ్గర్ నొక్కింది.

టిక్.

పేలలేదు. అలాంటప్పుడు తుపాకి దించకూడదు, తెరవకూడదు. లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ముప్పై లెక్కపెట్టేదాకా గట్టు వైపే పట్టుకోవాలి. షెల్బీ వెనక నిలబడి గట్టిగా లెక్కపెట్టింది.

"ఒక్కటి పోయిందంతే" అంది లొరెట్టా. రెండోది నొక్కింది. టిక్. మళ్ళీ ముప్పై.

మూడోదీ టిక్‌మన్నాక, షెల్బీ పన్నెండు దగ్గర ఉండగా, లొరెట్టాకు ఒక చప్పుడు గుర్తొచ్చింది. ఆ నవంబర్ సాయంత్రం తను పొయ్యి దగ్గర ఉల్లిపాయలు వేయిస్తోంది. వెనక బల్ల దగ్గర రాయిస్. సన్నగా, బుస్సుమని, ఐదుసార్లు. మళ్ళీ ఆ కిర్రుమనే తలుపుకేమో అనుకుంది. గ్యాస్ ట్యాంకర్ నడిపే రాయిస్‌కు, నొక్కితే బుస్సుమని చిమ్మే నూనె డబ్బా అంటే ప్రాణం. తలుపు బందులకు, కత్తెరకు, గుడ్లు గిలకొట్టే మరకు, అన్నిటికీ కొట్టేవాడు. "నూనె పెడితే ఏదీ మోసం చెయ్యదు, లోరీ" అని తనను ముద్దుగా పిలిచి చెప్పేవాడు.

తూటాలకూ కొట్టాడు. తన భార్య తూటాలకు తుప్పు పట్టకూడదని. ఆ నూనె సందుల్లోంచి మెల్లగా లోపలికి పాకి మందును చంపేసింది. రోజూ తను తుపాకి తీసినప్పుడు వచ్చే ఆ వాసన ఆయనదనే అనుకుంది. ఆయనదే.

"ముప్పై" అంది షెల్బీ.

నాలుగోది. టిక్. ఈసారి లొరెట్టాకు ఆ మార్చినాటి ట్యాంకర్ కనిపించింది. ఒక రైతు గేటు ముందు, ఇంజన్ నడుస్తూ, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగి. లోపల చేతి తొడుగులు తీయకుండా, తల కిటికీకి ఆనించి రాయిస్. కునుకు తీస్తున్నాడనుకుని ఆ రైతు పావుగంట లేపలేదట. పోయే ముందు బ్రేకు లాగిన మనిషి. అంత జాగ్రత్త.

ఐదోది నొక్కేముందు, లోపం తుపాకిదే కావాలని దేవుణ్ణి అడిగింది. స్ప్రింగు విరిగి ఉండాలి. తూటాను కొట్టే సుత్తి అరిగి ఉండాలి. ఏదైనా సరే, ఆయన చెయ్యి మాత్రం కాకూడదు.

టిక్.

షెల్బీ ముప్పై దాకా లెక్కపెట్టి ఆగింది. లొరెట్టా తుపాకి దించలేదు. ఇంకో ముప్పై గడిచింది. గట్టు మీద ఎండిన గడ్డి ఊగుతోంది.

"లొరెట్టా గారూ... అయిపోయింది."

ఆమె ఆరేళ్ళ తర్వాత మొదటిసారి చక్రం తెరిచింది. ఐదు తూటాలూ అరచేతిలోకి జారాయి. ఐదింటి అడుగునా సుత్తి కొట్టిన సొట్ట లోతుగా, నిండుగా ఉంది. సుత్తి తన పని తాను చేసింది. అయినా ఏప్రన్ జేబులోంచి కొత్త తూటా ఒకటి తీసి వేసి, నొక్కింది.

చేతిలో తుపాకి ఎగిరిపడింది. గట్టు మట్టి చిమ్మింది.

తుపాకిలో ఏ లోపమూ లేదు.

"ఏడుస్తున్నారా?" అంది షెల్బీ.

"పొగ. పట్టుకో. అన్నీ కొత్తవే వేస్తాను. నువ్వూ ఒకటి పేల్చి చూసి మరీ వెళ్ళు. ఇంటికి పోకు, తిన్నగా మీ అక్క దగ్గరికే పో. చేరాక ఫోన్ చెయ్యి."

"మరి మీకు? ఆ అడవిలో ఒక్కరూ..."

"నాకేమవుతుందే? ఆరేళ్ళూ ఏమైంది?" అంది లొరెట్టా. అన్నాక ఆ మాట ఆమెకే గుచ్చుకుంది.

షెల్బీ కారు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. పేలని తూటాలు వేసే నీళ్ళ బకెట్ గోడవార ఉంటుంది. ఊరందరివీ అందులోనే. ఐదూ అందులో వదిలింది.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. "చేరాను. మా అక్క తలుపుకు రెండు గడియలు పెట్టింది. చికెన్ వండుతోంది" అంది షెల్బీ గొంతు. వెనక ఎవరో పిల్లలు అరుస్తున్నారు. లొరెట్టా ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. కుడి తుంటి మీద ఏ బరువూ లేదు.

దుకాణం మూసేముందు వెనక్కి వెళ్ళి బకెట్లో చెయ్యి పెట్టింది. నలభై యాభై తూటాలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పదకొండోదో, పన్నెండోదో, ఆ నూనె వాసనేసింది. అదొక్కటి చాలనుకుంది.

ఇంటికి వచ్చి వంటింటి కిటికీ గట్టు మీద కాగితం రుమాలు మడిచి పరిచింది. సొట్టపడ్డ అడుగు కిందికి వచ్చేలా దాని మీద తూటాను నిలబెట్టి, ఉల్లిపాయలు తరుక్కోవడానికి బల్ల దగ్గరికి వెళ్ళింది.

వెలుగు తగ్గేసరికి తూటా చుట్టూ కాగితం మీద నీటి చెమ్మ ఆరిపోయింది. మధ్యలో సన్నటి నూనె మరక ఒకటి మిగిలింది.