అత్త వేసే ముడి

అత్త మా ఉల్లిచేని గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని వెదురు నారతో ముడులు వేస్తోంది, ఆ చేను మాత్రం కొండవాలున లేదు, తోబా సరస్సు నడిమధ్యన ఉంది, నీళ్ళు మడుల అంచుల దాకా వచ్చి ఆగిపోయాయి, దేన్నీ తడపడం లేదు. ఆమె పోయి నలభై ఒక్క రోజులైంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, అయినా ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు, ఎండ బాగా కాస్తోంది, పని ఇంకా మిగిలే ఉంది.

నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఆమె మా నాన్నకు అక్క, నా మొగుడు మంగాతుర్‌కు తల్లి. మా బతక్ వాళ్ళలో మగపిల్లవాడికి మేనమామ కూతురుంటే ఇంకో సంబంధం చూడరు, అలా నేను ఆమె ఇంటికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. తిట్టేటప్పుడు అత్తగారు, అన్నం పెట్టేటప్పుడు మేనత్త. ఇప్పుడు ఏ వరసలో ఉందో ముఖం చూస్తే తెలియడం లేదు, శవపెట్టెలో మేం కప్పిన ఊలోస్ నేత దుప్పటే భుజం మీద ఉంది, దానికి మట్టి అంటలేదు.

నారను వేలి చుట్టూ తిప్పి, బిగించి లాగి, మిగిలిన కొసను పళ్ళతో పుటుక్కున కొరికి, ఒళ్ళో వేసుకుంటోంది. ఒళ్ళో ముడులు కుప్పగా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఉల్లిగడ్డలు లేవు.

"అత్తా, ఇందులో గడ్డలేవి?"

"నువ్వు తెస్తావనేగా కూర్చున్నా," అంటుంది తల ఎత్తకుండా.

నేను లేచి వెళ్ళాలి, కానీ లేవడం లేదు. నాకు భయంగా లేదు, బాధగా కూడా లేదు, మొద్దుబారిన కాలి మీద కూర్చున్నప్పుడు ఉన్నట్టుగా ఉంది, అంతే. ఆమె పెళ్ళికూతురుగా ఈ ఊరికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన ఎర్ర చిన్నుల్లి మా విత్తనం. ప్రతి పంటకూ గుండ్రంగా, నిండుగా ఉన్న గడ్డల్ని ఏరి, గుత్తులు కట్టి, పొయ్యి పైన వెదురు దండేనికి వేలాడదీసేది, పొగకు పురుగు పట్టదు, కుళ్ళదు, మళ్ళీ వానలకు అవే నాటేది. అలా యాభై ఐదేళ్ళు. చివరి వారంలో నా మణికట్టు పట్టుకుని, "నా విత్తనం నీ చేత్తోనే నాటు, మంగాతుర్‌కి అప్పగించకు, వాడికి తొందరెక్కువ," అంది. సరేనన్నాను.

చేను ఎప్పుడు వంటపాక అయిందో నేను చూడలేదు, అత్త మాత్రం గట్టు మీదే ఉంది, ఆ గట్టే పొయ్యిగడ్డ అయింది, నీటి అడుగు నుంచి చావు డప్పుల చప్పుడు పైకి వస్తోంది. మా ఊళ్ళో చావు ఇంట్లో ఇంటివాళ్ళు పొయ్యి ముట్టరు, ఆ ఇంటి అల్లుళ్ళే వచ్చి ఊరందరికీ వండాలి. అత్త అల్లుళ్ళు ముగ్గురూ పడవ దిగకుండానే వండుతున్నారు, పడవ మా ఇంటి కప్పులాగే రెండు కొసలూ పైకెత్తి ఉంది. పెద్దల్లుడు చేతిలో కత్తితో నావైపు తిరుగుతాడు, ఆ రోజు అడిగినట్టే అడుగుతాడు.

"చెల్లెమ్మా, ఉల్లిపాయలెక్కడున్నాయి?"

వంటవి వసారా కింద బస్తాలో ఉన్నాయి అన్నయ్యా, అనబోతాను, ఆ మాట నోట్లో తయారుగా ఉంది, నలభై ఒక్క రోజులుగా ఉంది. కానీ నా నోరు ఆ రోజు అన్నమాటే అంటుంది. "పొయ్యి మీద దండేనికి ఉన్నాయి, తీసుకోండి."

ఆయన సరస్సు అవతలి ఊరివాడు, మా దండెం సంగతి ఆయనకేం తెలుసు. కత్తితో నారలు కోసి గుత్తులు దించుకుంటాడు. నేను చూస్తూ ఉంటాను.

"అత్తా, నేనే చెప్పాను," అంటాను.

"ఊఁ."

"అప్పుడు నీ పాదాలు పట్టుకుని కూర్చుని ఉన్నాను. చల్లగా ఉన్నాయి. ఉల్లి అనగానే నాకు దండెమే గుర్తొచ్చింది. బస్తా గుర్తు రాలేదు."

"అన్నీ దించారా?"

"పదకొండు గుత్తులూ."

"పంది కూరలో వేశారా, దున్న కూరలోనా?"

"రెండింట్లోనూ."

అత్త ఒక ముడి బిగిస్తుంది. "వచ్చినవాళ్ళు తిన్నారా?"

"తిన్నారు. మళ్ళీ అడిగి వేయించుకున్నారు."

"తింటారు మరి, ఊరకే ఉంటారా." ఆ మాటలో కాస్త గర్వం ఉంది, చప్పున దాన్ని దాచేసుకుంటుంది. "నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"ఎట్లా ఉంది?"

"తెలియలేదత్తా. ఇప్పటికీ ఏం తిన్నా తెలియట్లేదు. ఉప్పు తక్కువైందని మంగాతుర్ బావ అంటే అవునంటున్నాను, ఎక్కువైందన్నా అవునంటున్నాను."

నీళ్ళు ఒక మడి దాటి లోపలికి వచ్చాయి. వాటి అడుగున మా ఊరి చర్చి గంట ఉంది, చేప ఒకటి దాన్ని తోస్తోంది, చప్పుడు రావడం లేదు. అత్త అటు చూసి, పట్టించుకోకుండా ఇటు తిరుగుతుంది.

"అందరి ఏడుపుపాటలూ విన్నా. నా కూతుళ్ళు నా బతుకంతా పేరుపేరునా చెప్పి ఏడ్చారు. నీ గొంతు వినపడలేదేం?"

"నోరు తెరిచాను. ఏమీ రాలేదు."

"పోన్లే. నీది అసలే కాకిగొంతు."

నవ్వాలని తెలుస్తోంది, నవ్వు రావడం లేదు. "కోపంగా ఉందా అత్తా?"

"ఉండదా? యాభై ఐదేళ్ళు కాపాడితే ఒక్కపూట కూరలో వేసిపడేశావు."

"అయితే తిట్టు."

"తిట్టడానికి ఊపిరేదే?" అంటుంది, నిజంగానే చూసుకుంటున్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుంటుంది. తర్వాత అడుగుతుంది. "వాడికి చెప్పావా?"

అడుగుతుందని మొదట్నించీ తెలుసు. "లేదు. విత్తనం మా పుట్టింట్లో పొగకి పెట్టానన్నాను. రేపే నాటేది. మడులన్నీ దున్ని పెట్టుకున్నాడు."

"రేపు పొద్దున ఏం చెప్తావు?"

"నాకు తెలియదు. తెల్లారకపోతే బాగుండు."

అత్త నా చూపుడువేలు పట్టుకుని దాని చుట్టూ నార తిప్పుతుంది, ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఆమె చేయి ఇప్పుడు చల్లగా లేదు, వెచ్చగానూ లేదు. కొసను నా నోటికి అందిస్తుంది.

"కొరుకు."

కొరుకుతాను. తెగదు. గట్టిగా కొరుకుతాను, నార పళ్ళ మధ్య ఉంది కానీ ఉన్నట్టు లేదు, రుచీ లేదు, వాసనా లేదు, అత్త కొరుకు కొరుకు అంటూనే ఉంది, నీళ్ళు నా మోకాళ్ళ దాకా వచ్చాయి, అవి కూడా తడిగా లేవు.

కళ్ళు తెరిస్తే చేని పాకలో చాప మీద ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చినదాన్ని, ఎండ ఇంకా గుమ్మం దిగలేదు. కింద సరస్సు ఎప్పటి చోటే ఉంది.

గుమ్మంలో మంగాతుర్ బావ నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన గంప, దాని నిండా చిన్నుల్లి గడ్డలు, మావి కావు, పాలిపోయిన రంగు, పక్క ఊరి సంత సరుకు. మోకాలి మీద మసిపట్టిన నారలు పరిచి ఉన్నాయి. అన్నీ ఒకవైపు కత్తితో కోసినవే, ఇంకోవైపు అత్త ముడి అలాగే ఉంది. ఒకదాని ముడి విప్పి, దాంతో కొత్త గుత్తి కట్టబోయి, తప్పు చుట్టి, మళ్ళీ విప్పుతున్నాడు.

నేను లేచి కూర్చున్న చప్పుడు విన్నాడు. తిరగలేదు.

"అమ్మ ఇక్కడ రెండు చుట్లు తిప్పేదా, మూడా?"

ఆ కోసిన నారల వైపు చూశాను. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. పెద్దబావ కోస్తుంటే పక్కనే నించున్నా. ఆపమందామనుకున్నా, నాకూ నోరు పెగల్లేదు." కాసేపు నారను వేళ్ళ మధ్య నలిపాడు. "నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. చెప్పట్లేదు. ఇక ఇవాళ సంతకి పోయొచ్చా."

గంపలోంచి గుప్పెడు గడ్డలు తీస్తూ అన్నాడు, "ఓ నాలుగు గుత్తులు నాటకుండా పొగకి కడదాం. దండెం బోసిగా ఉంది."

వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి చాపాను. "రెండే. ఇటివ్వు."

గడ్డలు ఆయన పట్టుకున్నాడు. నేను నార తిప్పాను, ఒక చుట్టు, ఇంకో చుట్టు, బిగించి లాగి, కొస నోట్లో పెట్టుకుని కొరికాను. పుటుక్కున తెగింది. మసి చేదు, దాని వెనకే పొగ, ఆ పొగ కింద ఎక్కడో సన్నగా ఉల్లి ఘాటు, మా ఉల్లిది, నాలుకను చురుక్కుమనిపించింది.

"మసి, ఉమ్మెయ్," అన్నాడు బావ.

నేను తల అడ్డంగా ఊపి, ఆ ముక్కను చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాను.