తూము లేని గోడ

తిరుపతిలో కొండ కిందుగా ఉండే ఆ వీధిలో వాన నీళ్ళకు దారి ఎవరూ చూపించాల్సిన పని ఉండేది కాదు. కొండ మీద పడ్డ వాన పై దొడ్ల మీదుగా దిగి, గురవమ్మ ఇంటి పక్కన సన్నటి కాలువలా చేరి, వరదమ్మ పెరట్లోంచి సాగి, వీధి కాలువలో పడేది. వరదమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. వాన వెలిశాక ఆ పారే నీళ్ళలోనే ఇద్దరూ గిన్నెలు తోముకునేవాళ్ళు, ఒకరి కూర ఇంకొకరు రుచి చూసి ఉప్పు ఎక్కువైందని దెప్పుకునేవాళ్ళు.

వరదమ్మ భర్త దేవరాజులుకు బజారులో జవుళి అంగడి. పాత ఇల్లు పడగొట్టి కొత్త మిద్దె కట్టించి, చుట్టూ రాతి గోడ లేపాడు. వెనక గోడ సరిగ్గా నీళ్ళ దారికి అడ్డం వచ్చింది. కట్టే రోజున మేస్త్రీ చెంగయ్య తాపీ పట్టుకుని ఆగాడు.

"ఏమబ్బా, ఈడ తూము ఇడవాల గదా."

"ఇడిస్తే పాములూ పందులూ నట్టింట్లోకే వస్తాయి," అన్నాడు దేవరాజులు. "కమ్మరితో ఇనప కడ్డీల చట్రం చేయిస్తా ఉండాను. అది వచ్చినాక బొక్క కొట్టి బిగిద్దువులే. ఇప్పుడు కట్టెయ్."

చెంగయ్య కట్టేశాడు. కమ్మరి ఈ వారం ఆ వారం అంటూ జరిపాడు. చట్రం వచ్చేలోగా కోడలు జ్ఞానాంబ నెల తప్పింది.

ఇక ఆ గోడ జోలికి పోయేవాళ్ళు లేరు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో తిరుగుతుండగా గడ్డపార వేయకూడదు, గోడకు చిల్లి పెట్టకూడదు, మేకు కూడా కొట్టకూడదు. ఆ వీధిలో ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట. పైగా జ్ఞానాంబకు ఇది రెండో కడుపు. మొదటిది ఈ ఇంటికే పునాది తవ్వుతున్నప్పుడు జారిపోయింది. ఆ నెత్తుటి గుడ్డలు వరదమ్మే ఉతికింది. అప్పటి నుంచి ఎక్కడైనా గడ్డపార చప్పుడు వినబడితే ఆమె కోడల్ని లోపలికి పంపి తలుపు వేసేది.

వీధి కాలువ పూడిక తీయించడానికి వచ్చిన ఓవర్సీరు కుప్పుస్వామి ఒకరోజు మజ్జిగకని పెరట్లోకి వచ్చి గోడ చూశాడు. గ్లాసుతోనే గోడ పొడుగునా నడిచాడు.

"తూము యాడమ్మా?"

"పెట్టాల నాయనా."

"పెట్టాల కాదు, ముందు పెట్టి ఆమీట గోడ కట్టాల. తూము నేల మట్టానికి ఉండాల. జానెడు పైకి పెడితే ఆ జానెడు నీళ్ళూ పక్కింటోళ్ళ గోడ నానబెడతాయి. చిన్న పైపు పెట్టి చేతులు దులుపుకోవద్దు. కొండ నీళ్ళు నిదానంగా రావు, అన్నీ ఒకేసారి దిగతాయి. తూముకు ముందర గుంత తీయండి, ఆకూ ఇసకా అందులో పడిపోతాయి. ఈడి నుంచి వీధి కాలువ దాకా వాటం చూసుకోండి. అంతే."

"కోడలు వట్టి మనిషి కాదు. కానుపు కానీ, చేయిస్తాం."

"కానుపు దాకా వాన ఆగుతాదా? పిల్లను పుట్టింటికి పంపించి ఆ పొద్దే కొట్టించండి. పైనుండేది మట్టి గోడల ఇల్లు."

పుట్టిల్లు సత్యవేడు. దీపావళి పోయాక సీమంతం చేసి పంపడానికి అయ్యవారు రోజు చూసి పెట్టాడు. అంతకు ముందు పంపితే నెల సరికాదన్నాడు. వరదమ్మ ఆ రోజు కోసం లోపల్లోపల మొక్కుకుంటూ కూర్చుంది.

గోడకు అవతల గురవమ్మ భర్త గోవిందయ్య ఉన్నాడు. జట్కా తోలిన మనిషి, పక్షవాతం వచ్చి మంచం మీదే అన్నీ. గురవమ్మ రోజూ గోడ అవతల నుంచి పలకరించేది.

"అక్కా, నీ మొగుడు గోడ కట్టినాక నీ కూర బాగలేదని చెప్పాలన్నా అరవాల్సి వస్తా ఉండాది."

"అరువు, వీదంతా ఇననీ."

"తూము ఎప్పుడక్కా?"

"ఇదో, దీపావళి పోనీ. నీ ఇంట్లోకి చుక్క నీళ్ళు రానిస్తానా నేను?"

ఆ మాట చెప్పిన ప్రతిసారీ గురవమ్మ సరేనని పోయేది.

దీపావళికి ముందే వాయుగుండం పట్టింది. పొద్దున మొదలైన వాన మధ్యాహ్నానికి కొండను కనబడకుండా చేసింది. వరదమ్మ పెరట్లో పైనుంచి పడ్డ వాన తప్ప పారే నీళ్ళు లేవు. గోడ అవతల మాత్రం నీళ్ళు గుడగుడమంటున్నాయి.

"అక్కా, గడప దాటినాయి," అని గురవమ్మ గొంతు. కాసేపటికి మళ్ళీ, "అక్కా, మంచం కోళ్ళు మునిగినాయి."

దేవరాజులు అంగట్లో ఉన్నాడు. వరదమ్మ కొట్టంలోంచి గడ్డపార తీసుకొచ్చి గోడ ముందు నిలబడింది. జ్ఞానాంబ వెనక వాకిట్లోకి వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"కొట్టండత్తా. నాకేం గాదు."

వరదమ్మ గడ్డపార ఎత్తింది. ఎత్తిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఆ గుడ్డల మీది మరకలు కళ్ళ ముందు ఆడాయి. గడ్డపార మెల్లగా బురదలోకి దించి, గోడకు నోరు ఆనించి అరిచింది.

"గురవా, ఆయన్ను ఎత్తుకుని మా ఇంటికొచ్చేయండి. మనుషుల్ని పంపిస్తా."

వీధిలోవాళ్ళు గోవిందయ్యను మంచంతో సహా ఎత్తుకొచ్చి వరదమ్మ వరండాలో దించారు. మనిషి ఒళ్ళంతా తడిసి వణుకుతున్నాడు. అప్పుడే అవతల పెద్ద మూట జారవిడిచినట్టు మెత్తటి చప్పుడైంది. నానిన మట్టి గోడ కూలడానికి పెద్ద శబ్దమేమీ రాదు. గురవమ్మ లేచి చూడలేదు. మొగుడి కాళ్ళు తుడుస్తూనే ఉంది.

వాన వెలిశాక వాళ్ళు పలమనేరులో గురవమ్మ తమ్ముడి ఇంటికి పోయారు. అక్కడ చలి ఎక్కువ. ఆ తడిలో పట్టిన దగ్గు గోవిందయ్యను వదల్లేదు. జ్ఞానాంబకు మగపిల్లవాడు పుట్టాడు. గోడ ముట్టుకోకపోబట్టే బిడ్డ దక్కాడని వీధిలో ఆడవాళ్ళంతా అన్నారు.

బారసాలకు పిలవడానికి ఆమె ఒక్కతే బస్సెక్కి పలమనేరు పోయింది. గోవిందయ్య పడుకునే మంచం గోడకు నిలబెట్టి ఉంది. బొట్టు లేని నుదుటితో గురవమ్మ పీట వేసి, వరదమ్మ పిలుపుకు తెచ్చిన కుంకుమ తీసుకోకుండా కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

"బిడ్డ బాగుండాడా అక్కా?"

"బాగుండాడు."

"ఎవరి పోలిక?"

"ఇంకా తెలీలా." వరదమ్మ గ్లాసు కింద పెట్టింది. "గురవా, నేను కొట్టుంటే..."

"నా కోడలే అయ్యుంటే నేనూ కొట్టేదాన్ని కాదు," అంది గురవమ్మ. కొంగుతో పీట పక్క నేల తుడిచింది. "కానీ అక్కా, ఇప్పట్లో తూము పడేది లేదని ముందే ఒక మాట చెప్పుంటే, నేను వానల్లేనప్పుడే ఆయన్ను ఈడికి తెచ్చుకునుందును. నువ్వు దీపావళి పోనీ అంటే, నిజమే గదా అని కూర్చునుంటిని."

వరదమ్మ బస్సు వేళైందని లేచింది. బారసాలకు రమ్మని చెప్పలేదు. గురవమ్మ వీధి చివరి దాకా సాగనంపి, బస్సు కదిలేదాకా నిలబడి వెనక్కి తిరిగింది.