తెల్ల అంచు

గ్రోబెక్ వాగులో ట్రౌట్ చేపపిల్లలు ఎందుకు తగ్గిపోయాయో తేల్చమని నన్ను పిలిపించింది మైబ్రిట్. స్వీడన్‌లోని ఉప్సాలాలో చేపల చదువు ముగించి నేను ఆ కొండ ఊరు చేరిన మొదటి వేసవి అది. ఆమె అన్న హల్వార్ అప్పుడే పట్టిన చేపను బల్లమీద వేశాడు. పొట్టకింది రెక్కలకు పాలలాంటి తెల్ల అంచు, దాన్ని ఆనుకుని నల్లగీత.

"ఇది మీ వాగు చేప కాదు, అమెరికా ట్రౌట్. ఎవరు తెచ్చారు?" అన్నాను.

"మా నాన్న," అన్నాడు హల్వార్ గర్వంగా. "పై కొలనులోకి పాలక్యానులో పిల్లల్ని వీపున మోసుకెళ్ళాడు. చేపల్లేని కొలను కనిపిస్తే మావాళ్ళ చెయ్యి ఊరుకోదమ్మాయ్."

కొలను నుంచి అవి వాగులోకి దిగి, వాగు చేపల తిండినీ తావునూ లాక్కున్నాయి. నివారణ ఒక్కటే: వాగు చేపలను ఏరి దాచి, నీటినంతా విషంతో కడిగి, తిరిగి వదలడం.

"నాన్న చేపకి విషం పెడతావటే?" అన్నాడు హల్వార్ చెల్లెలితో.

"నాన్న మోసిందే నీకు గుర్తు. వాగు చచ్చిపోవడం కనబడదా అన్నయ్యా?" అంది మైబ్రిట్. "ఒక్కసారి మళ్ళీ మన చేపపిల్లల్ని చూసి కన్నుమూస్తాను."

ఏరేవాళ్ళకు నేనే నేర్పాను: చిన్నవాటికి వీపు మచ్చలు సరిగా తేలవు, రెక్క అంచు చూస్తే చాలు, తెల్లగా ఉంటే అమెరికాది. హల్వార్ రెండుసార్లు అడిగి మరీ విన్నాడు.

ఏరిన ముప్ఫైఎనిమిది చేపలూ రంధ్రాల చెక్కపెట్టెలో ఊటనీటిలో ఉన్నాయి. వాగును విషంతో కడిగాక, వాటిని తిరిగి వదిలే రోజున లెక్కకు నలభైనాలుగు వచ్చాయి. మొదటి లెక్కే తప్పనుకున్నాను. ఆరు పిల్లల రెక్కలు తరిగినట్టున్నాయి. చెక్కకు రాసుకుంటే అరుగుతాయి, అదీ మామూలే. కళ్ళెదుట కనిపించిన కారణాన్నే ఫలితానికి అంటగట్టి పుస్తకంలో రాసుకున్నాను.

చేపల్ని వదిలిన ఏడో ఏట హల్వార్ మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచాడు. వెన్నలో వేయించిన ట్రౌట్.

"వాగుదేనా?" అంది మైబ్రిట్, ముఖం వెలిగిపోతూ.

"వాగుదే. ఇప్పుడందులో ఇంకోటి లేదు." కత్తెర పట్టినట్టు రెండు వేళ్ళు ఆడించాడు. "గోళ్ళ కత్తెరమ్మాయ్. నాన్న చేపపిల్లలు ఆరే ఆరు. అంచు చూస్తే చాలన్నావు కదా?"

మైబ్రిట్ నావైపు తిరిగింది. "వదిలేముందు నువ్వు చూశావుగా?"

"చూశాను," అన్నాను.

మళ్ళీ విషం పోయవచ్చు. కానీ ఈసారి ముందుగా ఏరి దాచడానికి వాగు చేప ఒక్కటీ మిగల్లేదు. ఆమె పళ్ళెం పక్కకు నెట్టి, చేతికర్ర కోసం బల్లకింద తడుముకుంది.

"తినవే, చల్లారితే నీసు వాసనొస్తుంది," అన్నాడు హల్వార్.

నా పళ్ళెంలోని చేపకు రెక్కలు నిండుగా ఉన్నాయి, తెల్ల అంచుతో సహా.